సుగ్గి పాట

మా బ్యాండును ఇంతవరకు ఏ కంపెనీ పిలిచి సంతకం పెట్టమనలేదు. ఆ మాటను ధ్రువ ఎంత గొప్పగా చెప్పుకుంటాడో మీరు వినాలి. "మేం ఇండీ, బ్రో. ఎవరికీ అమ్ముడుపోలేదు" అంటాడు, జుట్టు వెనక్కి ఎగదోసుకుంటూ. కొనేవాడు ఒకడు వస్తే కదా అమ్ముడుపోవడానికి! మూడేళ్ళలో ఆదోనిలో నాలుగుసార్లు, ఎమ్మిగనూరులో రెండుసార్లు, బళ్ళారిలో ఒక కాలేజీ ఫంక్షన్‌లో ఒకసారి వాయించాం. బళ్ళారిలో రెండో పాట సగంలో కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి జనమంతా భోజనాల దగ్గర ఉన్నారు. దానికి కూడా ధ్రువ 'అండర్‌గ్రౌండ్ షో' అని పేరు పెట్టి ఇంటర్నెట్‌లో ఎక్కించాడు.

నేను డ్రమ్స్ వాయిస్తాను. నా పేరు బసవన్న. పోస్టరు మీద మాత్రం 'బాజ్' అని ఉంటుంది. బసవన్న అంటే ఎద్దు కళ్ళముందుకొస్తుందట, రాక్ బ్యాండుకు నప్పదట. బ్యాండు పేరేమో 'ఎర్రమట్టి'. ఇది మాత్రం ఏం నప్పిందో! ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా బస్సు కిటికీ దగ్గర కూర్చుని చూడండి, అంతా నల్లరేగడే. అదే మాట అడిగితే, "నలుపు పోస్టరులో కనపడదు బ్రో" అన్నాడు ధ్రువ. సరేలే మహానుభావా, మట్టి రంగు కూడా నువ్వే మార్చు అనుకుని ఊరుకున్నాను.

ఈ ఊరుకోవడం అనేది నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇందులో నేను చాలాసేపు ధ్రువనే తిడతాను, మీరు నిజంగానే తప్పంతా వాడిదేననుకుంటారు.

ధ్రువ వాళ్ళ నాన్న వెంకోబారావుగారు మంత్రాలయంలో సంస్కృతం చెప్పి రిటైరై ఆదోనిలో ఇల్లు కట్టుకున్నారు. వాళ్ళింట్లో కన్నడం మాట్లాడుకుంటారు. బయటికొస్తే పుస్తకంలో ఉన్నట్టు తెలుగు. ధ్రువ కూడా అంతే మాట్లాడేవాడు. బెంగళూరులో ఇంజనీరింగు చదివి వచ్చాక వాడికి ఉన్నట్టుండి మా యాస మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మైకు ముందు నిలబడితే చాలు, "యాడికప్పా పోతాండారు" అని మొదలుపెడతాడు. మైకు దిగాక టీ అంగడివాడితో, "అన్నా, చక్కెర కొంచెం తగ్గించండి" అంటాడు. మా అమ్మ అదే యాసలో మాట్లాడితే బ్యాంకులో గుమస్తా రెండోసారి చెప్పమని విసుక్కుంటాడు. వీడు మాట్లాడితే బెంగళూరులో చప్పట్లు కొడతారు.

పాడటం మాత్రం వాడికి వచ్చు. ఆ విషయంలో అబద్ధం చెప్తే నా నోరు పడిపోతుంది. చిన్నప్పటి నుంచి హరిదాసుల పదాలు పాడిన గొంతు, ఎంత అరిచినా శ్రుతి తప్పదు. అందుకే నేను మూడేళ్ళుగా ప్రతి ఆదివారం ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి ఆదోని పోతున్నాను. లేకపోతే నాకేం కర్మ!

మేం వాయించుకునేది శ్రీశ వాళ్ళ పత్తి గోడౌన్‌లో. శ్రీశ బేస్ గిటారు వాయిస్తాడు. వాయిస్తాడంటే, దాన్ని మెడలో వేసుకుని ఫోను చూసుకుంటాడు. వాళ్ళ నాన్నకు పత్తి కమీషన్ వ్యాపారం, గోడౌన్ వాళ్ళది, స్పీకర్లు వాళ్ళవి, నేను వాయించే డ్రమ్ములు కూడా వాళ్ళు కొన్నవే. కాబట్టి శ్రీశ తప్పుడు స్వరం వాయించినప్పుడల్లా మేమంతా తల ఊపుతాం. గోడౌన్‌లో గాల్లో తేలే పత్తిపోగు నా ముక్కులోకి పోయి ప్రతి ఆదివారం సాయంత్రం తుమ్ములే తుమ్ములు.

మిగతా ఆరు రోజులు ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా ఒక అంగడిలో ఫోన్లు రిపేరు చేస్తాను. మా ఊరు ఉరుకుంద పక్కనే. నాయన పేరు ఉరుకుందు, అమ్మ పేరు హులిగెమ్మ. డ్రమ్ములు నాకు ఎవరూ నేర్పలేదు. పీర్ల పండక్కి మా ఊళ్ళో తప్పెట కొట్టేవాణ్ణి, ఆ చేతులే ఇవి.

ఇప్పుడు ఆ పాట సంగతి చెప్తాను.

పోయిన ఏడాది ఒక ఆదివారం మధ్యాహ్నం గోడౌన్‌లో టీ తాగుతున్నాం. ధ్రువ మూతి ముడుచుకుని కూర్చున్నాడు. "మన దగ్గర స్టోరీ లేదు బ్రో. బెంగళూరులో అందరికీ స్టోరీ కావాలి. మనకు ఏముంది?" అన్నాడు. నా వైపు తిరిగి, "బాజ్, నువ్వు పల్లెలో పెరిగినావు కదా. ఏదైనా చెప్పు" అన్నాడు. నాకేం తోచిందో, "మా నాయనోళ్ళు సుగ్గికి పోతే ఇంటికి తాళం వేసి పోయేవాళ్ళు. నేను మా అవ్వ దగ్గర ఉండేవాణ్ణి" అన్నాను.

అంతే! ధ్రువ ఎగిరి నిలబడ్డాడు. టీ వాడి ప్యాంటు మీద ఒలికినా చూసుకోలేదు. "సుగ్గి! అబ్బా, ఎంత మంచి మాట! మా అజ్జి చెప్పేది సుగ్గి హబ్బ గురించి. పంట ఇంటికొచ్చాక చేసుకునే పండగ! మీ నాన్నావాళ్ళు ఆ పండక్కి ఊరూరూ తిరిగేవాళ్ళా?"

కన్నడంలో ఆ మాటకు అర్థం అదే, వాడి తప్పు లేదు. కోత, కోతల కాలం, కొత్త పంట పండగ. మా పల్లెల్లో సుగ్గి అంటే వేరే. చేన్లో ఏమీ మిగలని ఏడాది ఇంటికి తాళం పెట్టి, గిన్నెలూ పట్టలూ మూటగట్టుకుని, లారీ ఎక్కి గుంటూరు పక్కకు మిరపకాయలు కోయడానికి పోతారు చూడండి, దాన్ని మేం సుగ్గి అంటాం. అక్కడ కూడా పంట ఉంటుంది, కోత ఉంటుంది. పంట మాత్రం మనది కాదు. చేను గట్టు మీద ప్లాస్టిక్ పట్ట గుడారంలా కట్టుకుని మూడు నెలలు, ఒక్కో ఏడాది నాలుగు నెలలు ఉంటారు. తిరిగొచ్చాక మా అమ్మ ఒక వారం దాకా నా ముఖం ముట్టుకునేది కాదు. చేతుల్లో మిరప మంట పోవడానికి అన్ని రోజులు పట్టేది.

ఈ నాలుగు మాటలు నేను అప్పుడే చెప్పి ఉండాలి. "ఒరే నాయనా, అది పండగ కాదు, వలస" అంటే ఒక్క నిమిషం పట్టేది. ఎందుకు చెప్పలేదు? సిగ్గు! మరేమీ కాదు. మా నాయనకు పదెకరాలు, బోరు ఉందని వీళ్ళ దగ్గర నేను అంతకుముందే కోతలు కోసి ఉన్నాను. ఉన్నది రెండెకరాలు, నీళ్ళ చుక్క లేదు. గోడౌన్ యజమాని కొడుకు ముందర, పంతులుగారి కొడుకు ముందర మా అమ్మ కూలికి పోయి పరాయి చేన్లో పడుకుందని చెప్పబుద్ధి కాలేదు. "అవును, అట్లాంటిదే" అన్నాను. ఆ 'అట్లాంటిదే' అన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వారం తిరక్కుండానే పాట తయారైంది.

"సుగ్గి సుగ్గి సుగ్గి రో
నాయన పోయె సుగ్గికి
సుగ్గి సుగ్గి సుగ్గి రో
ఇల్లంతా పండగ రో"

ఇది చాలదన్నట్టు, "తాళం వేసి, తాళం వేసి, తకధిమి ఆడర సిన్నోడా" అని మధ్యలో ఒక ముక్క. "ఇంటికి తాళం అన్నావు కదా బ్రో, దాన్ని చేతి తాళంగా మార్చేశా. డబుల్ మీనింగ్!" అని వాడే మురిసిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మండితే ఏం లాభం? దానికి దరువు కట్టింది నేనే. నా చేతులకు బుద్ధి లేదు, మంచి వరస దొరికితే అవి నన్నడగవు. తప్పెట దెబ్బ తెచ్చి డ్రమ్ముల్లో పెట్టాను. ఆ దరువు వింటే కుంటివాడు కూడా లేచి ఎగరాలి, అట్లా కుదిరింది.

పాట ఇంటర్నెట్‌లో పెట్టాం. మిగతా పాటలను మా బంధువులు కూడా వినలేదు. దీన్ని బెంగళూరులో పిల్లలు వినీ వినీ హోరెత్తించారు, ఆఫీసుల్లో పండగ పూట ఎగిరి వీడియోలు పెట్టారు. ఎవడో పట్టుపంచె కట్టి, చెరకుగడ పట్టుకుని మా నాయన సుగ్గికి పోయాడని గంతులేశాడు. నేను ఆ వీడియో చూసి ఫోను బోర్లా పెట్టేశాను. మా ఊళ్ళో ఎవరికీ పాట పంపలేదు. ఎవడైనా "మీ పాటేదీ, ఇనిపీ" అంటే వేరేది వినిపించేవాణ్ణి.

ఈ ఆషాఢంలో ధ్రువకు ఫోను వచ్చింది. బెంగళూరులో ఒక మ్యూజిక్ కంపెనీ. అందులో సుప్రీత అనే ఆవిడ కొత్త బ్యాండులను వెతికి పట్టుకుంటుందట. సుగ్గి పాట విన్నదట. మమ్మల్ని 'మా మట్టిలో' చూడాలట. ఎవరికీ అమ్ముడుపోని మా ధ్రువ ఆ ఫోన్లో "మేడమ్, మేడమ్" అని ఎన్నిసార్లు అన్నాడో ఆ దేవుడికే తెలియాలి. చివరికి నిలబడి మాట్లాడాడు, ఆమె ఏదో ఎదురుగా ఉన్నట్టు.

ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గర శ్రావణ మాసమంతా జనం. శ్రీశ వాళ్ళ నాన్న అక్కడ ప్రతి ఏడూ మజ్జిగ పందిరి వేస్తాడు, పక్కనే భజనలకు ఒక చిన్న స్టేజీ కడతాడు. సోమవారం సాయంత్రం నాలుగింటి నుంచి ఒక గంట ఆ స్టేజీ మాకు ఇప్పించాడు శ్రీశ. మూడేళ్ళలో వాడు బ్యాండు కోసం చేసిన పని అదొక్కటే. ఆ గంట చూసి సుప్రీతకు నచ్చితే కంపెనీతో సంతకం. మూడు నెలలు బెంగళూరులో ఉండి రికార్డింగు చెయ్యాలి.

మూడు నెలలు! మా అంగడి యజమాని మూడు రోజులు సెలవడిగితేనే మనిషి కాడు. బెంగళూరు పోవాలంటే అంగడి వదిలెయ్యాలి. నేను అంగడిలో కుదురుకున్నప్పటి నుంచి, మూడేళ్ళుగా, నాయనా అమ్మా సుగ్గికి పోలేదు. నా జీతం ఆగితే మళ్ళీ లారీ ఎక్కాల్సిందే. ఇది ఫోన్లో చెప్పే మాట కాదని ముందు ఆదివారం ఇంటికి పోయి నాయనకు చెప్పాను.

నాయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. "ఏం వాయిస్తారప్పా మీరు? పెండ్లి బ్యాండా?" అన్నాడు.

"కాదు నాయనా. మేమే పాటలు కట్టి పాడతాము. డ్రమ్ములు నేనే."

"నీకు సెయ్యి బాగుంటాదిలే. పీర్ల పండక్కి నువ్వు కొడితే పక్కూరోళ్ళు నిలబడి సూసినారు." లోపల అమ్మ వైపు ఒకసారి చూశాడు. "నువ్వు పోతే ఈ యేడు మేం మళ్ళా సుగ్గికి పోవాల."

నేను తల వంచుకున్నాను. లోపల జొన్నలు చెరుగుతున్న అమ్మ, "నా సేతులకేమాయె, ఇంకా బాగనే పన్జేస్తాండాయి. పోనీలెయ్యి వాణ్ణి" అంది.

"ఉండే. వాడేం సేస్తాడో సూడకుండా ఎట్ల పొమ్మంటాము?" అన్నాడు నాయన. నాతో, "సోమారం ఎట్లనూ ఈరన్న దగ్గరికి వస్తాండాం. ఇంటాము. ఇది నీకు పని అనిపిస్తే పోదువు, మా సంగతి మేం సూసుకుంటాం. ఉత్త ఎగురుడే అయితే మాత్రం అంగడి ఇడిసేది లేదు" అన్నాడు.

అది ఎంత పెద్ద మాటో నాకు తెలుసు. నా డ్రమ్ముల కోసం యాభై ఏళ్ళ మనిషి మళ్ళీ మిరప చేన్లో వంగడానికి ఒప్పుకున్నాడు, వాయించేది బాగుంటే చాలన్నాడు. "ఏం పాటలు పాడతారు?" అని అడిగింది అమ్మ. "ఉండాయిలేమ్మా నాలుగైదు" అని చెప్పి బస్సెక్కేశాను.

సోమవారం ఉరుకుందలో ఇసుక వేస్తే రాలని జనం. సుప్రీత కారు దిగింది. నలభై ఏళ్ళుంటాయి, చేనేత చీర కట్టుకుంది, చల్లని మనిషిలాగే కనపడింది. కన్నడం కలిసిన తెలుగులో, "మీ సుగ్గి పాట వింటే మా ఊరి హబ్బ గుర్తొచ్చింది. అది ఈ జనం మధ్య చూడాలనే ఇంత దూరం వచ్చాను" అంది. ధ్రువ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాపం, ఆమెను మాత్రం ఏమనగలం? ఆ మాటకు ఆమె ఇంట్లో కూడా అదే అర్థం.

నేను ధ్రువను పందిరి వెనక్కి లాక్కుపోయాను. మజ్జిగ డ్రమ్ముల పక్కన నిలబడి, "ఆ పాట ఈడ వద్దు" అన్నాను.

"ఏ పాట?"

"సుగ్గి."

వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఆవిడ వచ్చిందే దాని కోసం బ్రో! ఎందుకు వద్దు? కారణం చెప్పు."

చెప్పొచ్చు. అడిగాడు కూడా. ఎప్పుడూ ఎవరి మాటా వినని మనిషి ఆ ఒక్కసారి నిజంగానే ఆగి, నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. నేను నోరు తెరిచాను. ఇప్పుడు చెప్తే, ఏడాదిగా ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. పదెకరాలు ఏమయ్యాయని శ్రీశ అడుగుతాడు. సుప్రీత తిరిగి కారెక్కుతుంది. "ఇక్కడ సౌండు సరిగ్గా లేదు. బేస్ వినపడదు" అన్నాను.

"శ్రీశ బేస్ ఎప్పుడు వినపడింది బ్రో?" అని నవ్వి, నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

స్టేజీ ఎక్కాం. గుండు చేయించుకుని గంధం పూసుకున్న పిల్లలు, టెంకాయ సంచులు పట్టుకున్న ఆడవాళ్ళు, మజ్జిగ గ్లాసులతో మగవాళ్ళు, అందరూ ఇటు తిరిగారు. మూడో వరసలో అమ్మా నాయనా కనపడ్డారు. నాయన తలగుడ్డ తీసి భుజాన వేసుకుని నిలబడ్డాడు. "ఏమప్పా ఉరుకుందా! ఎట్లుండారు!" అని అరిచాడు ధ్రువ. ఎవరూ పలకలేదు. ఒక తాత మాత్రం, "బాగుండాం, నువ్వెట్లుండావు?" అని మర్యాదగా అడిగాడు.

మొదటి మూడు పాటలు మామూలుగా పోయాయి. అందులో ఒకదాంట్లో నాకు ఒంటరిగా వాయించుకునే వంతు ఉంది. నాయన తల మెల్లగా ఆడటం చూశాను. పక్కనున్న మనిషికి నన్ను చూపించి ఏదో చెప్పాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. దేవుడా, ఇక్కడితో ఆపెయ్యమని మొక్కుకున్నాను. ఈరన్నకు ఆ రోజు అంతమంది మొక్కులున్నాయి, నాది ఎక్కడ వినపడుతుంది!

"ఇప్పుడు మన పాట! మీ పాట! సుగ్గి!" అన్నాడు ధ్రువ.

ఆ మాట వినగానే జనంలో ఒక కదలిక వచ్చింది. ఆ ఉన్నవాళ్ళలో సగం మంది సుగ్గికి పోయేవాళ్ళే. మన సంగతి ఏదో చెప్తారు కాబోలు అనుకుని ముందుకు జరిగారు. సుప్రీత ఫోను పైకెత్తి వీడియో మొదలుపెట్టింది. నేను కర్రలు పైకెత్తాను.

ఒక్క మాట చెప్పాలి. డ్రమ్ములు ఆగితే పాట ఆగుతుంది. గిటారు తీగ తెగినా, పాడేవాడు మాట మరిచినా పాట నడుస్తుంది, దరువు ఆగితే మాత్రం ఆగుతుంది. ఆ అయిదు నిమిషాల్లో నేను ఎప్పుడైనా చేతులు దించెయ్యొచ్చు. దించలేదు. దించకపోగా, నా జన్మలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. ఛీ! అంత బాగా కుదిరింది.

"నాయన పోయె సుగ్గికి, ఇల్లంతా పండగ రో" అని ధ్రువ గంతులేశాడు. కుర్రాళ్ళు కొందరు దరువుకు ఊగిపోయి ఎగిరారు. పెద్దవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. మజ్జిగ తాగుతున్నవాళ్ళు గ్లాసు అట్లాగే పట్టుకుని ఉండిపోయారు. "తాళం వేసి, తాళం వేసి" అన్నప్పుడు మా ఊరి మనుషులే ఇద్దరు వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం చూశాను. నాయన తల ఆడటం ఆగింది. అమ్మ కొంగు నోటి మీదే ఉంది, నవ్వు మాత్రం లేదు.

పాట అయ్యాక ముందు వరసలోంచి ఒక ముసలామె గట్టిగా అడిగింది. "ఏమప్పా గాయకుడా, సుగ్గికి పోతే పండగా? ఈ తూరి మాతో రా, మిరప సేన్లో ఎగురుదువు!"

జనం గొల్లున నవ్వారు. ధ్రువకు ముఖం వెలిగిపోయింది. "తప్పకుండా వస్తామవ్వా! డేట్ చెప్పండి, బ్యాండుతో సహా వస్తాం!" అన్నాడు. నవ్వు రెండింతలైంది. వాడు చేతులు పైకెత్తి దండం పెట్టాడు. సుప్రీత అదంతా వీడియో తీసింది. స్టేజీ దిగగానే, "ఈ జనంతో మీకున్న అనుబంధం చూశాక ఇంక ఆలోచించేది లేదు. వచ్చే వారం కాగితాలు పంపిస్తాను" అంది. ధ్రువ నన్ను ఎత్తి తిప్పాడు. "చూశావా బాజ్! సౌండు బాగలేదన్నావు!" శ్రీశ మొదటిసారి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

వాళ్ళను వదిలించుకుని బస్సుల దగ్గరికి పరిగెత్తాను. కోసిగి బస్సు కోసం నిలబడి ఉన్నారు ఇద్దరూ. అమ్మ టెంకాయ చిప్పల సంచి పట్టుకుని నన్ను చూడకుండా రోడ్డు చూస్తోంది. నాయన నన్ను చూసి, "బాగా కొడతావప్పా. ఉత్త ఎగురుడు కాదు, పనే" అన్నాడు. "పో బెంగళూరికి. సెప్పిన మాట సెప్పినట్టే. కార్తీకం పోతానే మేం గుంటూరు లారీ ఎక్కుతాం."

"ఆ పాట నేను రాయలేదు నాయనా" అన్నాను. వెధవను, మొదట నోటికి వచ్చింది అదే.

"సుగ్గి మాట వాళ్ళకు యాడిది మరి? ఆ పంతులు కొడుక్కు ఏం తెలుసు?"

"నేనే సెప్పినా."

నాయన తల ఊపాడు. కోపం లేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఒకటి అడుగుతా, ఏమనుకోవాకు" అన్నాడు. "మేం పోతాంటే నువ్వు లారీ ఎనకాల ఊరి బయట వంకదాకా ఉరికొస్తాంటివి. ఏడ్సుకుంటా వస్తాండావనుకుంటిమి మేము. మీయమ్మ ఎమ్మిగనూరు దాటేదాకా ఎనక్కి తిరిగి సూసుకుంటానే ఉండేది. మేం లేకపోతే మీకు పండగ అని మాకు తెలియకపాయె."

"కాదు నాయనా!" పక్కన జనం ఉన్నారని కూడా చూసుకోలేదు. "ఏడ్సినా. మీరు వచ్చేదాకా ప్రతి దినమూ ఏడ్సినా. అవ్వనడుగు కావాలంటే."

బస్సు వచ్చింది. జనం ఒకరినొకరు తోసుకుంటూ ఎగబడ్డారు. అమ్మ ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నాయన మెట్టు మీద ఒక కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, నా వైపు తిరిగాడు.

"ఆ మాట మైకులో సెప్పకపోతివి" అన్నాడు.